ముద్ర వేసిన గుండె

మా శాఖలో తప్పు కొలత అంటూ ఉండదు. కొలత ఎప్పుడూ ఒప్పే, తేడా వస్తే అది సరుకులో వచ్చినట్టు. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో నేను నేర్చుకున్న శాస్త్రమంతా ఇంతే.

నా పేరు మాణిక్యాంబ. కొలమానాల డైరెక్టరేట్‌లో ప్రమాణాల గదికి సూపరింటెండెంటుని. రాష్ట్రంలోని కిలో రాళ్ళన్నిటికీ తాతలాంటి కిలో రాయి, మీటరు బద్దలన్నిటికీ మూలపురుషుడైన మీటరు బద్ద గాజు మూతల కింద కాపురం ఉండే గది అది. బయట ఎండకి రోడ్డు మీద తారు కరుగుతున్నా లోపల ఇరవై డిగ్రీలే. రాళ్ళకి ఏసీ, మాకు ఫ్యాను. రాయిగా పుట్టనందుకు మేమెవ్వరం ఏనాడూ ఫిర్యాదు చేయలేదు.

ఆ ఏడు ప్రభుత్వానికి ఉన్నట్టుండి మా ఆరోగ్యం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఎవరో పెద్దాయన ఏదో సదస్సుకి వెళ్ళి, అక్కడ అందరి చేతులకీ బ్యాండ్లు చూసి వచ్చారట. నాలుగు లక్షల మంది ఉద్యోగులకీ గుండె వేగం కొలిచే బ్యాండ్లు కట్టాలని నిర్ణయమైపోయింది. పని వేళల్లో ఎవరి గుండె నిమిషానికి అరవై కన్నా తక్కువ కొట్టుకుంటే వాళ్ళు నిద్రపోతున్నట్టు లెక్క అని పథకంలో రాసేశారు. ఐదు కంపెనీలు పోటీకి వచ్చాయి. ఐదింటిలో ఏది సరిగ్గా కొలుస్తుందో తేల్చమని ఫైలు మా నెత్తిన పడింది.

మా డైరెక్టర్‌గారు నిబంధనల మనిషి. నిబంధన లేకపోతే తుమ్ము కూడా ఆపుకుంటారు. ఐదు బ్యాండ్లూ తన చేతులకే కట్టించుకున్నారు, ఎడమకి మూడు, కుడికి రెండు. మొదటిది అరవై ఎనిమిది అంది. రెండోది ఎనభై ఒకటి, మూడోది డెబ్భై నాలుగు, నాలుగోది తొంభై రెండు. ఐదోది కాసేపు ఆలోచించి, మీరు ఈత చక్కగా కొడుతున్నారు, ఇంకో రెండు రౌండ్లు కొట్టండి అని ఉత్సాహపరిచింది. ఆయన అప్పుడు కుర్చీలో కూర్చుని ఉప్మా తింటున్నారు.

"వీటిలో యథార్థము ఏది?" అని అడిగారు ఆయన.

"పక్క వీధిలో డిస్పెన్సరీ ఉంది సార్. డాక్టరమ్మని పిలిస్తే చెయ్యి పట్టుకుని నిమిషంలో చెప్పేస్తుంది" అన్నాను.

ఆయన నా వంక జాలిగా చూశారు. "మాణిక్యాంబగారూ, సదరు వైద్యురాలి చేతికి మన శాఖ ముద్ర ఉన్నదా?"

లేదని ఒప్పుకున్నాను.

"ముద్ర లేని సాధనంతో ఇంకొక సాధనాన్ని పరీక్షించుట నేరము. మన మీద మనమే కేసు నమోదు చేసుకోవలసి వచ్చును."

అక్కడే ఉన్న సాంకేతిక సలహాదారు పురుషోత్తంగారు గొంతు సవరించుకున్నారు. ఆయనకి చదువు ఎక్కువ, పని తక్కువ. "కిలో రాయిని దేనితో సరిచూస్తాం సార్? ప్రామాణిక కిలో రాయితో. మీటరు బద్దని ప్రామాణిక మీటరు బద్దతో. ఆ లెక్కన గుండెని కొలిచే యంత్రాన్ని..."

"ప్రామాణిక గుండెతో!" అని పూర్తి చేశారు డైరెక్టర్‌గారు.

గొప్ప ఆలోచన పుట్టినప్పుడు మా ఆఫీసులో టీ తెప్పించడం ఆనవాయితీ. టీ తెప్పించారు.

ప్రామాణిక గుండె ఎలా ఉండాలో పురుషోత్తంగారి అబ్బాయి స్కూలు పుస్తకంలో దొరికింది. నిమిషానికి డెబ్భై రెండు. ఏ ఉద్యోగి చేతి మీద ఐదు బ్యాండ్లూ ఏకగ్రీవంగా డెబ్భై రెండు చూపిస్తాయో ఆ ఉద్యోగి గుండే ప్రామాణికం అని తీర్మానించారు. పదకొండు రోజులపాటు నాలుగు వందల పన్నెండు మందికి పరీక్షలు జరిగాయి. డైరెక్టర్‌గారి ఎదురుగా నిలబడగానే సగం మందికి నూరు దాటిపోయింది. మిగతా సగం మందికి బ్యాండ్లలో బ్యాండ్లకే పడలేదు. తపాలా విభాగంలో ఒకాయన చేతికి కడితే మూడు బ్యాండ్లు ఎవరూ లేరన్నాయి. ఆయన మాత్రం అది తన సర్వీసుకి దక్కిన గుర్తింపుగా తీసుకున్నాడు.

చివరికి నా గదిలోనే దొరికాడు. నా అసిస్టెంటు గొర్లె ఢిల్లేశ్వరరావు, అందరికీ ఢిల్లీ. ఇరవై తొమ్మిదేళ్ళవాడు, శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి అప్పలనరసమ్మ ఎండు చేపలమ్మి పెంచింది. నాలుగేళ్ళుగా వాడి పని రాళ్ళు తుడవడం. చేతికి తొడుగులు వేసుకుని, మెత్తటి తోలుతో, ఊపిరి రాయికి తగలకుండా బిగబట్టి తుడవాలి. తొందర పడకూడదు, తుమ్మకూడదు. అలా నాలుగేళ్ళు చేసిన మనిషి గుండె ఎలా ఉంటుంది? ఐదు బ్యాండ్లూ కట్టాం. డెబ్భై రెండు, డెబ్భై రెండు, డెబ్భై రెండు, డెబ్భై రెండు. ఐదోది కూడా ఈత సంగతి ఎత్తకుండా డెబ్భై రెండే అంది.

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. "శ్రీ గొర్లె ఢిల్లేశ్వరరావు యొక్క హృదయమును ఇందుమూలముగా రాష్ట్ర ప్రామాణిక హృదయముగా ప్రకటించడమైనది. సదరు వ్యక్తి యొక్క మిగిలిన శరీరము యథాతథముగా అసిస్టెంటు హోదాలోనే కొనసాగును."

ఇక బ్యాండు ఎంపిక. ఢిల్లీ చేతి మీద ఐదూ పాసయ్యాయి కదా, ఏది కొనాలి? కమిటీ రెండు పూటలు కూర్చుని మూడో కంపెనీదాన్ని ఎంచింది. దాని ఎర్ర పట్టీ ఫైళ్ళు కట్టే నాడాతో కలుస్తుందని కారణం రాశారు. పురుషోత్తంగారు ఇంకో ఏర్పాటు కూడా చేయించారు. రాష్ట్రంలోని బ్యాండ్లన్నీ ఒక కంప్యూటర్‌కి అనుసంధానం. ఆ కంప్యూటర్ ఢిల్లీ ఎడమ చేతి బ్యాండుకి అనుసంధానం. ఢిల్లీ గుండె ఎంత కొట్టుకుంటే అంతని డెబ్భై రెండు అనుకుని, మిగతా నాలుగు లక్షల బ్యాండ్లూ తమని తాము సర్దుకోవాలి.

"ఒకవేళ వాడి గుండే ఎక్కువ కొట్టుకుంటే?" అని అడిగాను.

"ప్రమాణం ఎక్కువ కొట్టుకోదండీ. మిగతా లోకం తక్కువ కొట్టుకుంటుంది" అన్నారు పురుషోత్తంగారు.

ప్రమాణాల రక్షణ నియమావళి అని మా దగ్గర ఒక పుస్తకం ఉంది. కిలో రాయికి రాసిన రూల్సన్నీ ఢిల్లీకి వర్తించాయి. గది దాటించరాదు. ఒట్టి చేతులతో తాకరాదు. కుదుపులకు గురిచేయరాదు. రాళ్ళ పక్కనే గాజు గది కట్టించి, అందులో మంచం వేశారు. ఆవకాయ బంద్, క్రికెట్ బంద్, ఎన్నికల వార్తలు బంద్. పరీక్షించిన ప్రతి వస్తువు మీదా ముద్ర ఉండాలి కాబట్టి ఛాతీ మీద అచ్చు గుద్దుదామన్నారు డైరెక్టర్‌గారు. నేను అడ్డం పడితే, సీసపు బిళ్ళ మీద ముద్ర కొట్టి, దారానికి గుచ్చి మెడలో కట్టడానికి ఒప్పుకున్నారు.

"ఎలా ఉందిరా?" అని అడిగాను మొదటి రోజు.

"సల్లగున్నాది మేడంగారూ" అన్నాడు ఢిల్లీ. వాడు దేనికీ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. అందుకే వాడికి ఆ గతి పట్టింది.

మూడో వారంలో ఒకరోజు మధ్యాహ్నం వాడి భుజం మీద బల్లి పడింది. కంప్యూటర్‌లో వాడి గుండె ఎనభై నాలుగు. నాలుగు నిమిషాలపాటు రాష్ట్రంలో ప్రతి ఉద్యోగికీ పది పది చొప్పున తగ్గిపోయింది. రెండు జిల్లాల్లో పెద్ద ఆఫీసర్లు అంబులెన్సులు పిలిపించుకున్నారు. విచారణ జరిపి, సదరు బల్లి ఆచూకీ తెలియనందున తదుపరి చర్య నిలిపివేయడమైనది అని రాసి ఫైలు మూసేశారు. బల్లి పడితే శాస్త్రం ఏం చెబుతుందో పంచాంగంలో చూశాను. కల్యాణ యోగం అని ఉంది.

చిక్కంతా ఆ కల్యాణంతోనే వచ్చింది. ఈ గోల మొదలవకముందే ఢిల్లీకి పెళ్ళి కుదిరింది. పిల్ల పేరు హైమావతి, వాళ్ళ పక్క ఊరే, ప్రభుత్వాసుపత్రిలో నర్సు. వైశాఖంలో ముహూర్తం. ఢిల్లీ పది రోజులు సెలవు కావాలని అర్జీ పెట్టాడు.

ఫైలు డైరెక్టర్‌గారి దగ్గరికి వెళ్ళి ఒక ప్రశ్నతో తిరిగొచ్చింది. "వివాహము వలన హృదయ వేగమునందు కలుగు మార్పు తాత్కాలికమా, శాశ్వతమా? నివేదించవలెను."

నివేదించడానికి పెళ్ళైన ఉద్యోగులందరికీ ప్రశ్నపత్రాలు పంచారు. రెండు వందల ఎనభై తొమ్మిది జవాబులు వచ్చాయి. ఒకాయన, పెళ్ళినాడు నూట పది, ఏడాదికి ఎనభై ఐదు, పదేళ్ళకి అరవై, ప్రస్తుతం అందుబాటులో లేదు అని రాశాడు. ఇంకొకాయన జవాబు రాసి ఇంటికి తీసుకెళ్ళి భార్యకి చూపించి, మర్నాడు దిద్ది తెచ్చాడు. ఆడవాళ్ళలో సగం మంది, ఈ ప్రశ్న మమ్మల్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు అని రాశారు. నేనూ అదే రాశాను. జవాబులు క్రోడీకరించేసరికి ముహూర్తం దాటిపోయింది.

రెండో ముహూర్తం జ్యేష్ఠంలో. ఈసారి కమిటీ దయతలచి పెళ్ళికి అనుమతించింది, కొన్ని షరతులతో. పెళ్ళి ప్రమాణాల గదిలోనే జరగాలి. బాజాలు ఉండకూడదు. హోమగుండం ఇరవై డిగ్రీలు మించకూడదు. వధువును మొదట ముప్ఫై అడుగుల దూరం నుంచి చూపించి, రోజుకు మూడడుగులు చొప్పున దగ్గరికి తేవాలి. హైమావతి తరఫు పెద్దలు ఆ కాగితం చదివి, మీ ఆఫీసులో అందరూ బాగానే ఉన్నారా అని ఫోన్ చేశారు. ఆ ముహూర్తమూ పోయింది.

మూడోదే ఆఖరిది. ఆ గురువారం తప్పితే మూఢం వచ్చేస్తుంది, మూడు నెలలు పెళ్ళిళ్ళు లేవు. ఇది కూడా తప్పితే సంబంధం వద్దనుకుంటామని పిల్ల మేనమామలు తేల్చి చెప్పేశారు. ఢిల్లీ నాతో ఆ సంగతి చెబుతున్నప్పుడు బ్యాండు డెబ్భై రెండే చూపిస్తోంది. దాని ముఖం, అది డెబ్భై రెండు తప్ప ఇంకోటి చూపించలేదు. వాడి కళ్ళల్లో మాత్రం నీళ్ళున్నాయి. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. నేరుగా మూడో అంతస్తుకి వెళ్ళాను.

డైరెక్టర్‌గారు నన్ను ప్రశాంతంగా కూర్చోబెట్టారు. "మేము కఠినులము కాము. పూర్వము జమీందారులు స్వయముగా వెళ్ళలేనప్పుడు తమ కత్తిని పంపి, కత్తితో వివాహము జరిపించెడివారు. మన శాఖకు కత్తి లేదు. కానీ అంతకన్న విశ్వసనీయమైనది కలదు."

ఆ సాయంత్రమే ముద్ర వేసిన కిలో రాయి ఒకటి పట్టుబట్టలో చుట్టి, వరుని ప్రతినిధి అని చీటీ అంటించి, రిజిస్టరు పోస్టులో హైమావతికి పంపించారు.

మంగళవారం పొద్దున్న హైమావతి ఆఫీసుకి వచ్చింది. తెల్ల కోటు విప్పకుండానే డ్యూటీ నుంచి నేరుగా బస్సెక్కినట్టుంది. సన్నగా, పొడుగ్గా, కోపంగా ఉంది. మూడో అంతస్తుకి ఎక్కి, సంచీలోంచి కిలో రాయి తీసి డైరెక్టర్‌గారి టేబులు మీద ధన్‌మని పెట్టింది.

"మీ పెల్లికొడుకండి. తూకానికి బాగానే ఉన్నాడు గానీ మాటాడ్డం నేదు. నాకొద్దు, మీరే ఉంచీసుకోండి. ఆయన్ని సూపించండి."

"అమ్మా, ప్రమాణమును దర్శించుటకు బయటివారికి అనుమతి లేదు" అన్నారు డైరెక్టర్‌గారు, రాయి మీద గీత పడిందేమో చూస్తూ.

నేను కల్పించుకున్నాను. "వినియోగదారులకి ఉంది సార్. అనుమానం వచ్చిన ఏ వినియోగదారుడైనా ప్రమాణాన్ని స్వయంగా సరిచూసుకోవచ్చు. పదహారో నియమం."

నిబంధన అనేసరికి ఆయన మెత్తబడ్డారు. హైమావతికి ఫారం ఇచ్చాను. అనుమానానికి కారణం అన్న చోట ఆ పిల్ల నిలబడే రాసింది: ఈ మనిషిని నాకు ఇస్తామన్నారు. తగ్గించి ఇస్తున్నారని అనుమానం.

కిందికి వచ్చి గాజు తలుపు తీశాను. ఢిల్లీ లేచి నిలబడ్డాడు. ఆ పిల్ల ముందు వాడి మెడ కేసి చూసింది.

"ఇదేటి? తాళి మీరు నాకు కట్టాలి గదా. ఈల్లు మీకు కట్టీసినారేటి?"

"సీలు" అన్నాడు ఢిల్లీ.

"సెయ్యిలాగివ్వండి."

తొడుగులు లేకుండానే వాడి కుడి మణికట్టు పట్టుకుంది. మూడు వేళ్ళు ఆనించి, తన చేతి గడియారం చూసుకుంటూ పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. ఆ అర నిమిషం వాడు ఆ పిల్ల ముఖం తప్ప ఇంకేం చూడలేదు. నేను తలుపు దగ్గరే ఉండి రాళ్ళ కేసి చూశాను.

"యాబై తొమ్మిది. అంటే నిమషానికి నూట పద్దెనిమిది." చెయ్యి వదల్లేదు. "నన్ను సూసి బయవా?"

"బయం కాదు."

"మరేటి?"

"నువ్వు రావేమో అనుకున్నాను" అన్నాడు ఢిల్లీ. ఆర్నెల్లలో వాడు మాట్లాడిన పెద్ద వాక్యం అదే.

అప్పుడు నా చేతి బ్యాండు కీచుమంది. వరండాలో ఇంకోటి. పై అంతస్తులో ఇంకోటి. క్షణంలో భవనమంతా కీచురాళ్ళు లేచినట్టయింది. ఢిల్లీ గుండె నూట పద్దెనిమిది కొట్టుకుంటోంది కాబట్టి నూట పద్దెనిమిదే డెబ్భై రెండు. మామూలుగా డెబ్భై రెండు కొట్టుకునే మానవుడికి ఇప్పుడు నలభై నాలుగు. నాలుగు లక్షల బ్యాండ్లూ ఒక్కసారిగా, మీరు గాఢ నిద్రలో ఉన్నారు, శుభరాత్రి అన్నాయి. టైము పదకొండున్నర, పొద్దున్న.

రాష్ట్ర ప్రభుత్వోద్యోగులంతా డ్యూటీలో నిద్రపోతున్నారని కంప్యూటర్ రాజధానికి నివేదిక పంపేసింది. ఈ మాట జనం ఎప్పటినుంచో అంటూనే ఉన్నారు. ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకోవడం మాత్రం అదే మొదలు.

లిఫ్టు పాడై రెండేళ్ళయింది. మూడంతస్తులూ పరుగు పరుగున ఎక్కి డైరెక్టర్‌గారి గదిలోకి వెళ్ళాను. యాభై ఏడేళ్ళ మోకాళ్ళు, ఆయాసం. లోపల ఆయన, పురుషోత్తంగారు చేతులు చూసుకుంటూ కూర్చున్నారు. ఆయనకి నలభై ఒకటి, ఈయనకి నలభై ఐదు.

"ఢిల్లీ గుండె తప్పుగా కొట్టుకుంటోందని రాసేద్దామా సార్?" అన్నాను రొప్పుతూ.

"ప్రమాణము తప్పదు" అన్నారిద్దరూ ఒక్క గొంతుతో.

"అయితే?"

"అయితే రాష్ట్రం నిద్రపోతున్నట్టే" అన్నారు పురుషోత్తంగారు దిగులుగా. "నిద్రలో చేసిన సంతకం చెల్లదు. నిద్రలో ఉన్న అధికారి బాధ్యతలు మెలకువలో ఉన్న సీనియర్ ఉద్యోగికి అప్పగించాలని పథకంలోనే ఉంది."

డైరెక్టర్‌గారు నా చేతి కేసి చూశారు. నేనూ చూసుకున్నాను. అరవై నాలుగు. మెట్లెక్కిన పుణ్యం.

ఆయన్ని ఒక్కందుకు మెచ్చుకోవాలి. నిబంధన తన మీదికి వచ్చినా అది నిబంధనే. లేచి కుర్చీ తుడిచి నాకు చూపించారు. "మెలకువలో ఉన్నవారు మీరే. అధిష్ఠించండి."

కూర్చున్నాను. మెత్తటి కుర్చీ, ఏసీ గాలి. రెండు నిమిషాల్లో బ్యాండు అరవై ఒకటికి దిగింది. ఆ కుర్చీలో ఎవరికైనా నిద్ర ఎందుకు పడుతుందో అప్పుడు తెలిసింది. గభాలున లేచి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, టేబులు చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. తిరుగుతూనే నియమావళి తిరగేశాను. ఢిల్లీని విడిపించే రూలు ఒక్కటి దొరికితే చాలు. లేకపోతే నా గుండె చల్లబడగానే నా అధికారమూ చల్లబడుతుంది, గురువారమూ వచ్చేస్తుంది.

నలభై మూడో నియమం దగ్గర ఆగాను. ఆగితే తగ్గుతుందని గుర్తొచ్చి, అక్కడే గుంజీలు తీస్తూ చదివాను. "పరీక్ష సమయమునందు అస్థిరముగా కనిపించిన ప్రమాణమును తక్షణమే తయారీదారునకు పంపి బాగు చేయించవలెను."

"సదరు ప్రమాణమునకు తయారీదారు ఎవరు?" అన్నారు డైరెక్టర్‌గారు, ఎదుటి కుర్చీలోంచి.

"గొర్లె అప్పలనరసమ్మ."

"తయారీలో అనుభవమున్న సంస్థయేనా?"

"ముగ్గుర్ని తయారుచేసింది సార్. పెద్దవాళ్ళిద్దరూ సైన్యంలో ఉన్నారు. ఇంతవరకూ ఫిర్యాదు రాలేదు."

ఆయన తల పంకించారు. "బాగు చేయుటకు గడువు?"

"తయారీదారు ఇష్టం" అని చెబుతూనే రాసేశాను. బ్యాండు అరవై రెండు. సంతకం పెట్టాను. అరవై ఒకటి. ముద్ర గుద్దాను. పురుషోత్తంగారు ఉత్తర్వు అందుకుంటుండగా శుభరాత్రి అంది.

ఢిల్లీని ఆ మధ్యాహ్నమే ఆఫీసు జీపులో ఎక్కించాం. సున్నితమైన సరుకు, ఈ వైపు పైకి అని పురుషోత్తంగారు వాడి చొక్కా మీద చీటీ అంటించారు. రవాణా బాధ్యులు అన్న చోట హైమావతి సంతకం చేసింది. "అదిరిపోకుండా తీసుకెళ్ళమ్మా" అని డైరెక్టర్‌గారు డ్రైవరుకి కాక ఆ పిల్లకి చెప్పడం నేను చెవులారా విన్నాను. జీపు గేటు దాటుతుంటే నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. ఆర్నెల్ల తర్వాత వాడికి ఎండ తగిలింది.

ప్రమాణం గదిలో లేదు కాబట్టి రాష్ట్రంలోని నాలుగు లక్షల బ్యాండ్లూ సరిచూడని సాధనాలైపోయాయి. సరిచూడని సాధనాన్ని వాడటం నేరం. మా ఇన్‌స్పెక్టర్లే జిల్లా జిల్లాకీ వెళ్ళి అందరి చేతుల నుంచీ ఊడబీకి, గోనెసంచుల్లో సీలు వేసి తెచ్చారు. ఆ వారంలో మా శాఖ పట్టుకున్నన్ని తప్పుడు కొలతలు దాని చరిత్రలో ఎన్నడూ పట్టుకోలేదని రాజధాని నుంచి ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

మూడు వారాలకి ఊరి నుంచి తయారీదారు రసీదు వచ్చింది. మా ఫారమే, ఖాళీలు పూరించి ఉన్నాయి. పెద్ద పెద్ద అక్షరాలు, ఎవరి చేతా రాయించినవి కావు. డైరెక్టర్‌గారు ఫైలు ముందు పెట్టుకుని, కలం మూత తీసి, చదవమన్నారు.

"సరుకు అందిన రోజు అన్న చోట, పెల్లికి ముందు రోజు అని రాసిందండీ."

"సరే. సరుకు స్థితి?"

"సిక్కిపోయి వొచ్చినాడు. నాను పంపినప్పుడు ఇలగ నేడు."

ఆయన రాసుకోలేదు. "తిరిగి పంపు తేదీ?"

"కోడల్ని అడగండి అని ఉంది సార్."

"అది అటుంచండి. ప్రమాణమునకు సంఖ్య ముఖ్యము. బాగు చేసిన పిమ్మట నిమిషానికి హృదయ వేగము ఎంత? సంఖ్య మాత్రము చదవండి."

ఆ గడిలో సంఖ్య లేదు. ఉన్నది ఉన్నట్టే చదివాను.

"నాను నెక్కెట్టనేదు బాబూ. కొట్టుకుంతంది."